కోఠి రెసిడెన్సీలో ఏడ్చే ఆ ఆడమనిషి ఎవరు?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్తే. మాది నల్గొండ దగ్గర పల్లెటూరు. మా చెల్లికి హైదరాబాద్ కోఠిలో ఉన్న మహిళా యూనివర్సిటీలో సీటొచ్చింది, అదే పాత విమెన్స్ కాలేజీ. ఫస్ట్ వీక్‌లోనే సీనియర్లు చెప్పారంట, అక్కడ పాత బిల్డింగ్‌లో ఒక తెల్లదొర భార్య దయ్యమై తిరుగుద్దని, గౌను వేసుకుని మెట్ల మీద కూర్చుని ఏడుస్తదని, వెనక సమాధులు ఉన్నాయి కదా మొగుడూ పెళ్ళాం ఇద్దరూ అక్కడే ఉన్నారని. చెల్లి భయపడి ఇంటికి ఫోన్ చేసింది, మా అమ్మ అయితే సీటు వదిలేసి రమ్మంటోంది. ఇందులో నిజమెంత? అక్కడ అసలు ఏం జరిగింది? కొంచెం వివరంగా రాయండి మేడమ్, అమ్మకి చదివి వినిపిస్తాను. (ఒక పాఠకుడు, నల్గొండ జిల్లా)

జవాబు: బాబూ, ముందు మీ అమ్మగారికి ఈ ఒక్క ముక్క చదివి వినిపించు, సీటు వదులుకోవద్దు. నేను ఆ కాలేజీలోనే డిగ్రీ చదివాను, మూడేళ్ళు ఆ చెట్ల కిందే తిరిగాను, సాయంత్రం లైబ్రరీ నుంచి లేట్‌గా వచ్చిన రోజులు కూడా ఉన్నాయి, నాకేం కాలేదు, నా ఫ్రెండ్స్‌కీ ఏం కాలేదు. కథ మాత్రం మా టైంకే ఉంది. అప్పుడు తెల్లచీర అనేవాళ్ళు, ఇప్పుడు గౌను అంటున్నారన్నమాట, బట్టలు మారాయి గానీ ఏడుపు మాత్రం అలాగే ఉంది. ఆ ఏడుపు గురించే నేను నీకు చెప్పాలి, ఎందుకంటే అది ఊరికే పుట్టిన మాట కాదు, ఆ ఆవరణలో ఒక తల్లి నిజంగా గుండెలు పగిలేలా ఏడ్చింది, దానికి సాక్ష్యం కూడా ఉంది. కాకపోతే ఆమె గౌను వేసుకున్న దొరసాని కాదు, మన హైదరాబాద్ ఆడపిల్ల. పేరు ఖైరున్నీసా.

మొదట్నుంచీ చెప్తా. ఆ బిల్డింగ్ బ్రిటిష్ రెసిడెన్సీ, అంటే నిజాం దర్బారులో ఈస్ట్ ఇండియా కంపెనీ తరఫున ఉండే పెద్ద దొర ఇల్లూ ఆఫీసూ అన్నీ అదే. కోఠి అనే పేరు కూడా దాన్నించే వచ్చింది, కోఠీ అంటే పెద్ద బంగళా. దాన్ని మొదలుపెట్టించింది జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్, మద్రాసులో పుట్టినవాడు, 1798 నుంచి 1805లో పోయేదాకా ఇక్కడ రెసిడెంట్‌గా ఉన్నాడు. ఉర్దూ, ఫార్సీ బాగా మాట్లాడేవాడు, ఇక్కడి బట్టలే కట్టుకునేవాడు, నిజాం అతనికి హష్మత్ జంగ్ అని బిరుదు ఇచ్చాడు. ప్లాన్ గీసింది మద్రాస్ ఇంజనీర్స్‌లో పనిచేసే శామ్యూల్ రస్సెల్ అనే కుర్ర లెఫ్టినెంట్, ఖర్చు మాత్రం నిజాం ఖజానాదే. దీని మీద ఒక కథ ఉంది, జాన్ మాల్కమ్ అనే ఇంకో కంపెనీ అధికారి చెప్పింది, స్థలం కోసం కిర్క్‌పాట్రిక్ పెద్ద కాగితం మీద ప్లాన్ పరిచి చూపిస్తే నిజాం వద్దన్నాడంట, ఎందుకయ్యా అని ఆరా తీస్తే, తన రాజ్యం మ్యాప్ ఎంతుంటుందో ఆ కాగితమూ అంతే ఉంది, రాజ్యమంతా అడుగుతున్నాడేమో అని అనుకున్నాడని తెలిసింది, అప్పుడు అదే ప్లాన్‌ని చిన్న కార్డు మీద గీయించి తీసుకెళ్తే వెంటనే ఒప్పుకున్నాడంట. ఆ ఎత్తైన స్తంభాలు, అటూ ఇటూ సింహాలతో పొడుగాటి మెట్లు, లోపల దర్బార్ హాలు, పైకి చూస్తే మెడ నొప్పి పుట్టేంత ఎత్తు కప్పు, మీ చెల్లి రోజూ చూసేది అదే.

ఇక ఖైరున్నీసా. నిజాం కొలువులో పెద్ద కుటుంబం, దివాన్ స్థాయికి వెళ్ళిన మీర్ ఆలం వాళ్ళకి దగ్గర చుట్టం. ఆమె అక్క పెళ్ళిలో కిర్క్‌పాట్రిక్‌ని చూసింది, అప్పటికి ఆమె మరీ చిన్నపిల్ల, పద్నాలుగేళ్ళు కూడా ఉంటాయో లేదో. ఈ రోజు మన కళ్ళతో చూస్తే అది తప్పే, అందులో నాకు రెండో మాట లేదు, ఆ రోజుల్లో ఆడపిల్లల పెళ్ళిళ్ళు ఆ వయసులోనే అయ్యేవన్నది కూడా నిజమే. ఊరంతా గొడవైంది, కలకత్తాలో గవర్నర్ జనరల్ వెల్లెస్లీ ఎంక్వైరీలు వేశాడు, ఉద్యోగం పోయే పరిస్థితి వచ్చింది, అయినా కిర్క్‌పాట్రిక్ వెనక్కి తగ్గకుండా ఇస్లాం పుచ్చుకుని ఆమెని నికాహ్ చేసుకున్నాడు. 1801లో కొడుకు, 1802లో కూతురు. పిల్లాణ్ణి సాహిబ్ ఆలం అని, పాపని సాహిబ్ బేగం అని పిలుచుకునేవాళ్ళు. ఆమె పరదాలో ఉండే మనిషి, అందుకని రెసిడెన్సీ వెనక ఆమె కోసం వేరుగా రంగ్ మహల్ కట్టించాడు, ఫౌంటెన్లూ తోటా అన్నీ మొఘల్ పద్ధతిలో. పెద్ద బంగళా ఎలా ఉందో ఆమె ముందు వైపుకి వచ్చి చూడలేదు కదా, అందుకే అచ్చం అలాంటిదే చిన్న బొమ్మ బంగళా తోటలో కట్టించాడని చెప్పుకుంటారు, కాదు పిల్లలు ఆడుకోవడానికి అని ఇంకొందరంటారు. ఆ బొమ్మ బంగళా ఇప్పటికీ ఉంది, చెట్టు కూలి దెబ్బతింటే మళ్ళీ బాగుచేశారు, మీ చెల్లిని చూడమను.

ఇప్పుడు ఆ ఏడుపు దగ్గరికి వద్దాం. 1805లో పిల్లలిద్దర్నీ చదువుకోసమని ఇంగ్లాండ్ పంపేశారు. బాబుకి నాలుగు దాటింది, పాపకి మూడేళ్ళు. అప్పట్లో కంపెనీ దొరల పిల్లలకి, అందులోనూ తల్లి ఇక్కడి మనిషైతే, ఇక్కడ ఉద్యోగం కూడా దొరకదు, అక్కడికి పంపడం తప్ప దారి లేదని తండ్రి అనుకున్నాడు. వెళ్ళే దారిలో మద్రాసులో జార్జ్ చిన్నరీ అనే చిత్రకారుడు ఆ ఇద్దరి బొమ్మ గీశాడు, మెట్ల మీద నిలబడ్డ ఇద్దరు పిల్లలు, ఒంటినిండా జరీ, నగలు, పాప ముఖం చూస్తే ఏడుపు ఆపుకున్నట్టుంటుంది. సెప్టెంబర్‌లో ఓడ బయల్దేరింది. ఆ పిల్లలు ఇంకా సముద్రం మీదే ఉన్నారు, ఇక్కడ తండ్రి జబ్బుతో కలకత్తా వెళ్ళి 1805 అక్టోబర్ 15న చనిపోయాడు, నలభై ఒక్కేళ్ళు. అక్కడే పాతిపెట్టారు. అంటే కోఠి వెనక సమాధుల్లో ఆయన లేడు, అక్కడున్నవి తర్వాత ఇక్కడ పనిచేసి పోయిన వేరే ఇంగ్లీషు వాళ్ళవి. సీనియర్లు చెప్పే కథలో ఈ ముక్క పూర్తిగా తప్పు, మీ చెల్లి ధైర్యంగా చెప్పొచ్చు.

పిల్లలకి లండన్‌లో బాప్తిజం ఇచ్చి పేర్లు మార్చేశారు, విలియం జార్జ్, కేథరిన్ అరోరా, ఇంట్లో కిట్టీ అనేవాళ్ళు. తల్లితో ఉత్తరాలు కూడా లేకుండా తెంపేశారు. ఖైరున్నీసా మళ్ళీ వాళ్ళని చూడలేదు. బతికున్నంతకాలం చూడలేదు. ఇరవై ఏళ్ళు నిండేలోపే భర్త పోయాడు, పిల్లలు పోయినట్టే, సమాధి చూసుకోవడానికి కలకత్తా దాకా వెళ్ళింది, అక్కడ భర్త దగ్గర అసిస్టెంట్‌గా చేసిన హెన్రీ రస్సెల్ ఆమెకి దగ్గరయ్యాడు, ఆ సంగతి బయటికి పొక్కి హైదరాబాద్‌కి రానివ్వం అన్నారు, బందరులో ఉండాల్సొచ్చింది, అతను మద్రాసు వెళ్ళి ఇంకో అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. తర్వాత ఎప్పటికో హైదరాబాద్ రానిచ్చారు, 1813 సెప్టెంబర్ 22న చనిపోయింది. ఇరవై ఏడేళ్ళు. ఇది రాస్తుంటే నాకు చేయి ఆగిపోతోంది బాబూ, మా అమ్మాయి వయసు ఇప్పుడు ఇరవై ఏడు.

సాక్ష్యం ఉందన్నాను కదా. చాలా ఏళ్ళ తర్వాత, 1840 ప్రాంతంలో, కిట్టీ ఇంగ్లాండ్‌లో ఒక ఇంటికి వెళ్తే గోడ మీద తన బొమ్మే కనిపించింది, చిన్నరీ గీసిన ఆ బొమ్మ. అది హెన్రీ రస్సెల్ ఇల్లు. అక్కడే నిలబడి ఏడ్చేసింది. దాని తర్వాత ఎలాగో హైదరాబాద్‌లో అమ్మమ్మ షరఫున్నీసా ఇంకా బతికే ఉందని తెలిసింది, ఇద్దరి మధ్యా ఉత్తరాలు నడిచాయి, ముసలావిడ ఫార్సీలో రాయించేది, కిట్టీ ఇంగ్లీషులో. ఒక ఉత్తరంలో కిట్టీ రాసింది, మమ్మల్ని పంపించిన రోజు అమ్మ ఎక్కడ కూర్చుందో ఆ చోటు ఇప్పటికీ కనిపిస్తోంది, ఆమె కేకలు గుర్తున్నాయి, పొడుగాటి జుట్టు పీక్కుంటూ ఏడ్చింది అని. మూడేళ్ళ పిల్ల, ముప్ఫై ఐదేళ్ళు దాటినా మర్చిపోలేదు. ఆ అమ్మమ్మా మనవరాలూ కూడా మళ్ళీ కలుసుకోలేదు.

కాబట్టి ఆడమనిషి ఏడుపు అని ఎవరైనా అంటే నేను నవ్వను, కొట్టిపారెయ్యను. కానీ దయ్యం అని మాత్రం అననివ్వను. రెండువందల ఏళ్ళుగా ఆ ఊళ్ళో ఉన్న ఆడపిల్లకి పేరు తీసేసి, మతం మార్చేసి, గౌను తొడిగి, దొర పెళ్ళాం అని ఒక బొమ్మ చేశారు. 1860లో ఆమె రంగ్ మహల్‌ని కూడా పడగొట్టేశారు, తర్వాత వచ్చిన దొరలకి అలాంటి పెళ్ళి జరిగిందని గుర్తుచేసే ఇల్లే నచ్చలేదు. ఇప్పుడు అందులో మిగిలింది ఒక గేటు ఇంకా కొంచెం గోడ. మా టైంలో అది ఏంటో మాకు ఎవరూ చెప్పలేదు, పిచ్చి మొక్కల మధ్య ఉండేది, మేము దాని పక్కనే టిఫిన్ బాక్సులు తెరుచుకుని తినేవాళ్ళం.

అక్కడ నిజంగా చావులు జరిగిన రోజు వేరే ఉంది, దాని గురించి దయ్యం కథలు చెప్పేవాళ్ళు ఒక్క ముక్క మాట్లాడరు. 1857 జూలై 17, శుక్రవారం. ఔరంగాబాద్ వైపు నుంచి కంపెనీ మీద తిరగబడి వచ్చిన జమేదార్ చీదా ఖాన్‌నీ అతని మనుషుల్నీ రెసిడెన్సీలో బంధించారు. వాళ్ళని విడిపించాలని మౌల్వీ అలావుద్దీన్, తుర్రెబాజ్ ఖాన్ ఇద్దరూ కొన్ని వందల మందిని, ఎక్కువమంది రోహిల్లాలే, అంటే పఠాన్‌లే, వెంటపెట్టుకుని సాయంత్రం వచ్చి పడ్డారు. పుత్లీబౌలి వైపు గోడకి ఎదురుగా ఉన్న రెండు ఇళ్ళెక్కి కాల్పులు, ఇటు నుంచి ఫిరంగులు, తెల్లవారుజాము దాకా జరిగింది. ముందుగానే కబురు అందడంతో దొరలు రెడీగా ఉన్నారు, అందుకే వీళ్ళు నిలబడలేకపోయారు. అలావుద్దీన్‌ని అండమాన్ పంపారు, అక్కడే పోయాడు. తుర్రెబాజ్ ఖాన్ దొరికాక జైలు నుంచి తప్పించుకున్నాడు, 1859 జనవరిలో తూప్రాన్ దగ్గర కాల్చి చంపి, శవాన్ని సిటీకి తెచ్చి అందరూ చూసేలా వేలాడదీశారు. కోఠి బస్టాప్ దగ్గర ఆయన స్మారకం ఉంది, ఆ రోడ్డుకి ఆయన పేరే, రోజూ వేలమంది దాని ముందు నుంచే బస్సెక్కుతారు.

ఇక ఆ చప్పుళ్ళు ఏంటంటావా, మేము కూడా విన్నాం. అంత ఎత్తు కప్పు, పెద్ద పెద్ద ఖాళీ గదులు, చెక్క తలుపులు, కిటికీ రెక్కలు సరిగ్గా పడవు, పావురాలు, గబ్బిలాలు, కింద ఒకరు కుర్చీ జరిపితే పైన ఎవరో నడిచినట్టు వినిపిస్తది. పైగా చాలా ఏళ్ళు బిల్డింగ్ పాడుబడి కొన్ని భాగాల్లోకి పిల్లల్ని వెళ్ళనిచ్చేవాళ్ళు కాదు, తాళం వేసిన గది ఉంటే చాలు కథ పుట్టుద్ది. తాళం వేసింది దయ్యం ఉందని కాదు, పెచ్చులూడి నెత్తిన పడతాయని. 1949లో కాలేజీ అక్కడికి వచ్చింది, అప్పట్నుంచీ ఎన్ని వేలమంది ఆడపిల్లలు చదువుకున్నారో లెక్కేసుకో. 2002లో ప్రపంచంలో ప్రమాదంలో ఉన్న కట్టడాల లిస్టులో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ వాళ్ళు దీన్ని పెట్టారు, ఆ తర్వాత మెల్లగా రిపేర్లు మొదలై ఇరవై ఏళ్ళు సాగాయి, ఇప్పుడు మెయిన్ బిల్డింగ్ బాగుంది. 2022లో కాలేజీ యూనివర్సిటీ అయింది, తర్వాత చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. పాలకుర్తిలో దొర మీద నిలబడి తన పొలం, తన పంట కాపాడుకున్న ఆడమనిషి పేరు ఆ గేటు మీద ఉంది, మీ అమ్మగారికి ఇది కూడా చెప్పు, నల్గొండ వాళ్ళకి ఐలమ్మ ఎవరో నేను చెప్పక్కర్లేదు.

ప్రశ్న: మేడమ్, మాది మలక్‌పేట. మా ఇంటికి దగ్గర్లో గుట్ట మీద నల్లటి రాతి స్తంభం ఉంది, ఫ్రెంచి దొర సమాధి అంటారు, చీకటి పడ్డాక పిల్లల్ని అటు పోనివ్వరు. ఆయన్ని ఎవరో విషం పెట్టి చంపారు కాబట్టే తిరుగుతున్నాడని మా పక్కింటి అంకుల్ అంటాడు. నిజమేనా? (ఒక విద్యార్థి, హైదరాబాద్)

జవాబు: అది మిషెల్ రేమాన్ సమాధి నాన్నా, మనవాళ్ళు రేమండ్ అంటారు. నిజాం సైన్యంలో ఫ్రెంచి పద్ధతిలో ట్రైనింగ్ ఇచ్చిన పెద్ద దళానికి ఆయనే కమాండర్, తోపులు పోయించే కార్ఖానా కూడా చూసుకునేవాడు. 1798 మార్చిలో చనిపోయాడు. విషం అనే మాట అప్పుడే పుట్టింది, ఎందుకు పుట్టిందో అర్థం చేసుకోవచ్చు, ఆయన పోయిన కొన్ని నెలలకే, అదే ఏడాది అక్టోబర్‌లో, పైన చెప్పిన కిర్క్‌పాట్రిక్ దగ్గరుండి ఆ ఫ్రెంచి దళాన్ని రద్దు చేయించి ఆయుధాలు కింద పెట్టించాడు, హైదరాబాద్‌లో ఇంగ్లీషు వాళ్ళకి ఎదురు లేకుండా పోయింది. ఎవరికి లాభం అయిందో చూసి జనం అనుమానపడ్డారు, అంతే, విషం పెట్టారనడానికి రుజువైతే ఏమీ లేదు.

నాకు ఇందులో నచ్చేది ఏంటంటే జనం ఆయన్ని దయ్యం చెయ్యలేదు ఒకప్పుడు, దేవుణ్ణి చేశారు. హిందువులు మూసా రామ్ అన్నారు, ముస్లింలు మూసా రహీం అన్నారు, ఏటా ఆయన పోయిన రోజున దీపాలు పెట్టి అగరొత్తులు వెలిగించేవాళ్ళు, మూసారాంబాగ్ అనే పేరు ఆయనదే. అంత దూరం నుంచి వచ్చినోడికి ఆ మర్యాద దక్కిన చోట, రాత్రి తిరుగుతాడు అని పిల్లల్ని భయపెట్టడం నాకు బాధగా ఉంది. మీ అంకుల్‌ని కూడా తీసుకుని ఒక ఆదివారం పొద్దున్నే వెళ్ళు, స్తంభం మీద ఆయన పేరు పొడి అక్షరాలు చెక్కి ఉంటాయి, చూపించు. చీకట్లో మాత్రం వెళ్ళకు, పాములుంటాయి, అదే అసలు భయం.

ప్రశ్న: అక్కా, మాది బందరు. ఇక్కడ చర్చిలో గాజు పెట్టెలో పెట్టిన దొరసాని శవం రాత్రిపూట లేచి నిలబడేదని మా నానమ్మ చెప్పేది. బందరు కోట వైపు కూడా దయ్యాలు అంటారు. (ఒక పాఠకురాలు, మచిలీపట్నం)

జవాబు: చెల్లెమ్మా, మీ ఊరి నుంచి ఉత్తరం వచ్చేసరికి ఆశ్చర్యపోయాను, ఎందుకంటే పైన రాసిన ఖైరున్నీసా హైదరాబాద్‌కి రావొద్దంటే వచ్చి ఎదురుచూసింది మీ బందరులోనే, ఆ సమయానికి దగ్గర్లోనే మీ నానమ్మ చెప్పిన కథ కూడా మొదలైంది. ఆ అమ్మాయి పేరు అరబెల్లా రాబిన్సన్. జాన్ పేటర్ అనే సైనికాధికారి ఆమెని ప్రేమించాడు, అతనికి ముందే పెళ్ళయింది కాబట్టి పెళ్ళి కాకుండానే కలిసి ఉన్నారు, ఆమె 1809లో చనిపోతే చర్చి స్మశానంలో చోటివ్వం అన్నారు. దాంతో అతను సొంత ఖర్చుతో ఆమె మీదే ఒక కట్టడం కట్టించాడు, అదే తర్వాత సెయింట్ మేరీస్ చర్చి అయింది, ఆమె సమాధి చర్చి లోపలే ఉంది. గాజు పెట్టె, లేచి నిలబడే మర, ఇవన్నీ జనం తర్వాత కలుపుకున్నవి. శవాన్ని పాడవకుండా ఉంచి చూసుకునేవాడని చెప్పుకోవడం మొదలై అక్కడిదాకా పెరిగింది. పాతిపెట్టడానికి ఆరడుగుల నేల ఇవ్వకపోవడం ఆ కథలో అసలు విషయం, అది మాత్రం ఎవరూ పిల్లలకి చెప్పరు.

కోట సంగతి వేరే. అక్కడ ఫ్రెంచి వాళ్ళూ ఇంగ్లీషు వాళ్ళూ కొట్టుకున్న చోటు, పాత గోడలు మిగిలాయి. దయ్యాలు అని ఎందుకన్నారో నువ్వే అడుగు మీ ఊరి పెద్దవాళ్ళని, 1864 ఉప్పెన గురించి. నవంబర్ 1 రాత్రి సముద్రం ఊరి మీదకొచ్చింది, ఆ ఒక్క రాత్రి దాదాపు ముప్ఫై వేల మంది పోయారు, శవాలు తీసేవాళ్ళు లేక రోజుల తరబడి అలాగే ఉన్నాయి. కోట దగ్గరున్న దండు బలహీనపడింది, చివరికి సైన్యాన్నే అక్కణ్ణించి ఎత్తేశారు, ఇళ్ళు పాడుబడ్డాయి. ఊరు ఊరంతా ఒక్క రాత్రిలో సగం ఖాళీ అయిపోయిన చోట, బతికి మిగిలినవాళ్ళకి చీకట్లో ఏవేవో గొంతులు వినపడ్డాయంటే నేను నమ్ముతాను, అవి వాళ్ళ పిల్లల గొంతులే అయ్యుంటాయి. మీ నానమ్మకి వాళ్ళ నానమ్మ ఉప్పెన గురించి ఏం చెప్పిందో గుర్తుంటే రాసి పంపు, ఇంటిపేర్లు లేకపోయినా ఫర్లేదు, వచ్చే నెల వేస్తాను.